నాన్న గీసిన నాలుగంకె

నాన్న చివరిగా చేసిన మామూలు పని, తనకు అవసరం లేని ఒక దగ్గుమందు సీసాను అడిగి తీసుకుని చూడడం. ఆ రోజు పొద్దున రక్తపోటు మాత్రల కోసం మందుల దుకాణానికి వెళ్ళాడు. మాత్రలు జేబులో వేసుకుని, "ఆ పిల్లల మందు ఒకసారి ఇలా ఇవ్వు బాబూ" అన్నాడట. భూతద్దం తీసి, సీసాను గుమ్మం వైపు వెలుతురులోకి తిప్పి, అంకెలు చదువుకుని, "బాగానే ఉంది" అని వెనక్కి ఇచ్చేశాడు. ఇంటికి వచ్చి చెప్పులు విడిచి, కుర్చీలో కూర్చుని మంచినీళ్ళు అడిగాడు. అమ్మ గ్లాసుతో వచ్చేసరికి ఆయన లేడు.

సీసా సంగతి ఆ దుకాణం అబ్బాయే నాకు చెప్పాడు. "మా నాన్న కూర్చున్న రోజుల నుంచీ ఆయనకిది అలవాటేనండీ. నెలకోసారైనా చూడాల్సిందే. పెద్ద ఆర్టిస్టు గదా, మంచీ చెడూ చూసుకునేవారు" అన్నాడు. నేను తల ఊపి వచ్చేశాను. ఆయన ఏం చూసుకునేవాడో చెప్పాలంటే అక్కడ నిలబడి చెప్పేది కాదు.

నాన్న అక్షరాలు గీసేవాడు. సీసాల మీద చీటీలు, పుస్తకాల అట్టలు, పత్రికల పేర్లు, సినిమా పోస్టర్లు. ముందుగదిలో కిటికీ కింద ఏటవాలు బల్ల, దాని మీద స్కేళ్ళు, ఇంకు బుడ్లు, తెల్లరంగు గిన్నె, మూడే వెంట్రుకలున్న ఒక కుంచె. ఆయన గీస్తున్నప్పుడు మాకు తుమ్ము వస్తే వాకిట్లోకి పరుగెత్తి తుమ్మి వచ్చేవాళ్ళం.

ఆయనకు పేరు తెచ్చింది ఒకే రకం అక్షరం. సన్నగా పొడుగ్గా, ఇరుకు వరండాలో భుజాలు దగ్గరికి ముడుచుకుని వరుసగా నిలబడ్డ మనుషుల్లా ఉండేది. నిలువుగీత బొటనవేలంత లావు. దాన్ని పక్క గీతతో కలిపే గీత తలవెంట్రుకంత సన్నం. తల దగ్గరా పాదం దగ్గరా బ్లేడుతో కోసినట్టు ఒక చిన్న అడ్డగీత. లావుకూ సన్నానికీ మధ్య రకం ఆ అక్షరంలో ఎక్కడా ఉండదు. చోటు ఇరుకైనా ఎత్తు తగ్గదు కాబట్టి ఎంత పొడుగు పేరైనా పట్టేది. వారపత్రిక నెత్తిన, లావుపాటి నవలల వీపుల మీద, తలనూనె సీసాల మీద, హీరోయిన్ ఎత్తున నిలబడ్డ సినిమా పేర్లలో అదే అక్షరం. మా వీధి చివర గోడ మీద పోస్టరు మారిందంటే, ముందు నాన్న పనా కాదా అని చూసి, తర్వాతే ఏం సినిమానో చదివేవాళ్ళం.

"ఇంత లావు పక్కన అంత సన్నం ఉంటేనే కన్ను ఆగుతుందే" అనేవాడు నాతో. "ఆ సన్నగీతే ఆడపిల్ల నవ్వు. లావుగా గీస్తే పళ్ళికిలించినట్టుంటుంది."

"మీ నాన్న అక్షరాలకి తిండి పెట్టడు, మనల్ని వేళకి తిననివ్వడు" అనేది అమ్మ వంటింట్లోంచి.

ఆ అక్షరానికి ఒక నియమం ఉంది. అది పెద్దగా ఉంటేనే బతుకుతుంది. చిన్నది చేస్తే లావుగీతలు మిగులుతాయి, సన్నగీతలు చచ్చిపోతాయి. ఈ మాట నాకు నేర్పింది కూడా నాన్నే. "ఇది వేదిక మీద పాడే గొంతు. చెవిలో రహస్యం చెప్పడానికి పనికిరాదు" అనేవాడు. చెప్పినవాడే ఒకసారి మరిచిపోయాడు.

దగ్గుమందు తయారుచేసే ఒక చిన్న కంపెనీ వాళ్ళు కొత్త సీసా తెచ్చి చూపించారు. వేలెడు వెడల్పు, జానెడు ఎత్తు. ముదురు మెరూన్ రంగు చీటీ మీద తెల్లటి అక్షరాలు కావాలన్నారు. ఇరుకు సీసాకు ఇరుకు అక్షరం, అంతకన్నా ఏం కావాలి? నాన్న వారం రోజులు కూర్చుని, అసలు కొలతకు ఆరు రెట్లు పెద్దగా గీశాడు. మందు పేరే కాకుండా, కింద మోతాదు వరుసనూ అదే అక్షరంలో గీశాడు. అక్కడ మామూలు అంకెలు పెడితే చీటీ అందం చెడుతుందన్నాడు. 'అర చెంచా. వ్యవధి 4 గం.' ఆ కొలతలో కూడా నాలుగంకె నా బొటనవేలి గోరంతే ఉంది. లావుపాటి ఒక నిలువుగీత. దాని తల నుంచి ఎడమకు జారే ఒక వెంట్రుక. ఆ వెంట్రుక చివర నుంచి నిలువుగీతను దాటి వెళ్ళే ఇంకో వెంట్రుక. అంతే నాలుగు.

బొమ్మను కెమెరాతో చిన్నది చేసి జింకు బ్లాకు తయారుచేశారు. ప్రెస్సులో ట్రెడిల్ మిషను తొక్కే మేస్త్రి ఆ బ్లాకును గోటితో తడిమి చూసి పెదవి విరిచాడు.

"గురువుగారూ, తెల్లగీతలు మరీ సన్నం. ఇవి గుంటలు కదా, ఇంకు దిగి పూడుకుపోతాయి. కాస్త లావు చేసి ఇవ్వండి."

"మేస్త్రీ, నువ్వు తొక్కేది మిషనా, రోకలా? చేయి తేలిగ్గా వెయ్యి, ఏమీ పూడవు."

"నా చేయి తేలికేనండి. ఆ కంపెనీ వాళ్ళు ఇచ్చే కాగితం చూశారా? బఠాణీలు పొట్లం కట్టుకోడానిక్కూడా సిగ్గుపడుతుంది."

ఇద్దరూ నవ్వుకున్నారు. ప్రూఫు నున్నటి ఆర్టు పేపరు మీద తీశారు. ప్రతి వెంట్రుకా వెంట్రుకలాగే వచ్చింది. నాన్న సంతకం పెట్టి ఇంటికి వచ్చేశాడు. ఆ ప్రూఫు మాకు చూపిస్తూ ఆయన పడ్డ సంబరం నాకింకా గుర్తుంది.

నెల తర్వాత నేను పుట్టింటికి వచ్చాను. నా కూతురికి అప్పుడు పదకొండు నెలలు. ప్రయాణంలో గాలి తగిలి దగ్గు పట్టుకుంది. మర్నాడు పొద్దున్నే నాన్న పత్రికాఫీసుకు వెళ్ళిపోయాక, అమ్మ దుకాణానికి వెళ్ళి మందు తెచ్చింది. "నిన్ననే వచ్చిందట సరుకు. మీ నాన్న రాసిన సీసాయే ఇమ్మన్నా" అంది గర్వంగా.

నేను చీటీ చదివాను. అర చెంచా. వ్యవధి 1 గం.

"గంటకోసారా అమ్మా? ఇంత పసిదానికి?"

"అందులో అలా ఉంటే అలాగే వెయ్యాలి. చుక్క పెట్టడానికి పూటంతా ఆలోచించే మనిషి రాసింది తప్పెందుకవుతుందే?"

నాకూ అదే అనిపించింది. ఇంకెవరి సీసా అయినా అయ్యుంటే మళ్ళీ వెళ్ళి కనుక్కునేదాన్నేమో. తొమ్మిదికి వేశాను, పదికి వేశాను, పదకొండుకు వేశాను.

పదకొండున్నరకు నాన్న వచ్చాడు. "నీ మందు భలే పనిచేసింది నాన్నా, దగ్గే లేదు. గంటకోసారి వేస్తుంటే హాయిగా పడుకుంది" అన్నాను. ఆయన నవ్వుతూ సీసా అందుకున్నాడు. ఆ నవ్వు ముఖం మీద అలాగే ఉండగానే కిటికీ దగ్గరికి వెళ్ళి భూతద్దం పెట్టుకున్నాడు.

"ఎన్నిసార్లు వేశావు?"

"మూడు."

"ఎప్పుడెప్పుడు?"

చెప్పాను. సీసాను నా చేతిలో పెట్టి పాపను ఎత్తుకున్నాడు. అప్పుడు చూశాను. నిలువుగీత ఒక్కటే ఉంది. మిగతా అంతా మెరూన్ రంగు. గోటితో గీకితే పక్కన ఏదో గీత ఉండాల్సిన చోటు కాగితంలో చిన్న ఉబ్బులా తగిలింది.

పాప లేవలేదు. పేరు పెట్టి పిలిచినా, అరికాలు గిల్లినా, కనురెప్ప కొంచెం కదిలి ఆగిపోయింది. నాన్న భుజం మీద నుంచి దాని చేయి తడిగుడ్డలా వేలాడింది. ఆస్పత్రి మాకు పది నిమిషాల నడక. ఆయన ఎలా పరుగెత్తాడో, ఒక చెప్పు ఎక్కడ పోయిందో, వెనకాల వెళ్ళిన నాకు కూడా తెలియదు.

డాక్టరు సీసా చూశాడు. "ఇందులో మగత మందు ఉంటుంది. గంటకోసారి వెయ్యమని మీకెవరు చెప్పారు?"

నేను నోరు తెరిచేలోపు నాన్నే, "నేను చెప్పానండి" అన్నాడు.

డాక్టరు పాప ఛాతీ మీద చేయి పెట్టి ఊపిరి లెక్కపెట్టాడు. నర్సుకు ఏదో చెప్పాడు. "ఇంకో రెండుసార్లు పడి ఉంటే..." అని ఆపేసి, మమ్మల్ని బయట కూర్చోమన్నాడు. ఆ వరండాలో ఒక బెంచీ, ఎదుట తెల్లసున్నం గోడ. నాన్న కూర్చోలేదు. తలుపు సందులోంచి పాప కడుపు లేస్తోందా లేదా అని చూస్తూ నిలబడ్డాడు. అది లేచినప్పుడు ఈయన ఊపిరి పీల్చేవాడు, పడినప్పుడు వదిలేవాడు. నాలుగు గంటలకు పాప ఏడ్చింది. ఆ ఏడుపు వినగానే అమ్మా నేనూ కూడా ఏడ్చాం. నాన్న మాత్రం, "ఇంకెన్ని సీసాలున్నాయో" అన్నాడు.

ఇంటికి కూడా రాలేదు. నన్ను పంపించి తెల్లరంగు, మూడు వెంట్రుకల కుంచె తెప్పించుకుని, కాళ్ళకు ఎవరివో చెప్పులు వేసుకుని మందుల దుకాణానికి బయల్దేరాడు. పాప దగ్గర అమ్మ ఉంది. ఆయన ముఖం చూసి భయమేసి నేనూ వెంట వెళ్ళాను.

దుకాణంలో బల్ల మీద సీసాలన్నీ దించమన్నాడు. ఒక్కో సీసా తీసుకుని, మెరూన్ రంగులో పూడుకుపోయిన ఆ రెండు గీతలనూ మళ్ళీ గీయడం మొదలుపెట్టాడు. ఆవగింజంత అంకె. ఎడమచేత్తో కుడిమణికట్టు పట్టుకుని గీశాడు.

"ఏంటి మాస్టారూ, సీసాలకి షోకులు చేస్తున్నారు?" అన్నాడు దుకాణదారు.

"నాలుగు గంటలు అని ఉండాలయ్యా. ఒకటిగా పడింది."

"అమ్మో!" ఆయన నవ్వు ఆగిపోయింది. "పొద్దున్నుంచి రెండమ్మాను."

"ఎవరికి?"

ఒకటి మా అమ్మకు. రెండోది బడి వెనక వీధిలో ఉండే దర్జీకి. ఊళ్ళో ఆ సరుకు దిగిన దుకాణాలు ఆరు. ఆరూ తిరిగేసరికి మాది కాక నాలుగు సీసాలు అమ్ముడుపోయాయని తేలింది. కొన్నవాళ్ళు ఎవరో దుకాణాలవాళ్ళకు తెలుసు. మొదటి ఇంట్లో సీసా మూత కూడా తియ్యలేదు. రెండో ఇంట్లో ఒక నాయనమ్మ, "గంటకోసారా, నాలుగు గంటలకా అని చూసేదాన్ని కాదు నాయనా, వీడు దగ్గినప్పుడల్లా ఓ చుక్క నాకించా. నాలుగు చుక్కలు కూడా పోలేదు" అంది. నాన్న ఆవిడ చేతులు పట్టుకున్నాడు. మూడో ఇంట్లో తల్లి చెంచా పట్టుకుని పిల్లాడి వెనక పరుగెడుతోంది. అది ఆరోజు రెండో చెంచా. వాడు నోరు తెరవనందుకు వాడికి అప్పుడే రెండు దెబ్బలు కూడా పడ్డాయి.

నాలుగోది దర్జీ ఇల్లు. తాళం వేసి ఉంది.

"ఇందాకే మొగుడూ పెళ్ళాం పిల్లాణ్ణి ఎత్తుకుని హడావిడిగా పోయారండీ" అంది పక్కింటావిడ. "పిల్లాడు ఏడుస్తున్నాడా అంటే... ఏమో, చప్పుడు లేదు."

నాన్న ఆ గడప మీద కూలబడ్డాడు. ఆస్పత్రిలో కనుక్కొస్తానంటే నన్ను వెళ్ళనివ్వలేదు. "ఇక్కడే ఉందాం" అన్నాడు. కిటికీలోంచి లోపల గూట్లో ఆ సీసా కనిపిస్తోంది. అందులో ఎంత తగ్గిందో తెలుసుకోవాలని నాన్న మెడ సాచి చూస్తూనే ఉన్నాడు. సీసా ముదురు రంగుది, ఏమీ తెలియదు. గంటసేపు అలా కూర్చున్నాం. అంతసేపట్లో ఆయన అన్న మాట ఒక్కటే. "మేస్త్రి చెప్పాడే నాకు."

వీధి మొదట్లో దర్జీ కనిపించాడు. భుజం మీద పిల్లాడు నున్నగా గుండుతో తలవాల్చి ఉన్నాడు. నాన్న లేచి వెళ్ళి ఆ గుండు మీద చెయ్యి వేశాడు. పిల్లాడు ఉలిక్కిపడి లేచి ఊరంతా వినపడేలా ఏడుపు లంకించుకున్నాడు.

"పేలు పట్టాయండీ, మంగలి మళ్ళీ వెళ్ళిపోతాడని పరుగున తీసుకెళ్ళాం. ఇప్పుడే నిద్రపోయాడు, లేపేశారు కదండీ!" అని దర్జీ భార్య విసుక్కుంది. మందు ఇంకా వెయ్యలేదట. నాన్న ఆ పిల్లాడి ఏడుపును కచేరీ విన్నట్టు విన్నాడు.

మా ఊరి సీసాలన్నీ దిద్దడం రెండు రోజుల్లో అయిపోయింది. కానీ పై ఊళ్ళకు సరుకు వారం ముందే వెళ్ళింది. నాన్న కంపెనీ మేనేజరు దగ్గరికి వెళ్ళాడు.

"ఒక్క ఫిర్యాదు కూడా రాలేదండీ. మీరెందుకు లేనిది పుట్టిస్తారు?" అన్నాడు మేనేజరు. చివరికి, తర్వాతి సరుకుకు అంకెలు లావుగా వేస్తామనీ, దుకాణాలకు ఉత్తరాలు రాస్తామనీ ఒప్పుకున్నాడు. అంకెలు మారాయి. ఉత్తరాలు వెళ్ళాయో లేదో మాకు తెలియదు. పత్రికలో ప్రకటన వేయించమని నేనన్నాను. కంపెనీ ఒప్పుకోలేదు. తానే వేయించడానికి నాన్న రెండుసార్లు పత్రికాఫీసు మెట్ల దాకా వెళ్ళి వెనక్కి వచ్చాడు. ఆ రెండుసార్ల గురించి ఆయన తర్వాత ఎప్పుడూ తనను తాను క్షమించుకోలేదు.

కుంచె, రంగుడబ్బా పట్టుకుని బస్సుల్లో పై ఊళ్ళు తిరిగాడు. అక్కడ చూసిన సీసాలన్నింటి మీదా నాలుగు నాలుగులాగే ఉంది. అది విని అమ్మా నేనూ ఊపిరి పీల్చుకున్నాం.

"హమ్మయ్య, అయితే అక్కడ బాగానే పడ్డాయన్నమాట" అంది అమ్మ.

"కాదే" అన్నాడు నాన్న. "దుకాణాల్లో మిగిలినవి బాగున్నాయంతే. పాడైనవి అమ్ముడుపోయాయి. ఇళ్ళల్లో ఉన్నాయి."

ఆ తర్వాత ఆయన ఆ ఆలోచన నుంచి బయటికి రాలేదు. పొద్దున్నే పేపరులో పెద్ద వార్తలు వదిలేసి, లోపలి పేజీల్లో రెండు వరుసల వార్తలు వెతికేవాడు. ఫలానా ఊళ్ళో పసిబిడ్డ నిద్రలో పోయిందని ఉంటే ఆ ఊరి పేరు ఒక కాగితం మీద రాసుకునేవాడు. బస్సులో ఎవరి ఒళ్ళోనైనా బిడ్డ గాఢంగా నిద్రపోతుంటే, తాకకుండా ఉండలేక, ఏదో వంకతో బుగ్గ మీద వేలు పెట్టేవాడు. అక్షరాలు మారిపోయాయి. అన్నీ ఒకే లావున్న, మొద్దు గీతలు. వారపత్రిక వాళ్ళు వచ్చి, "మీ పాత చేయి కావాలి సార్" అని బతిమాలితే, "ఆ చేయి లేదండి" అని పంపించేశాడు. నా కూతురు పెరిగి బడికి వెళ్ళి, పెళ్ళయి, దాని నోటికి అడ్డూ ఆపూ లేకుండా పోయింది. "తాతయ్యా, నేను బతికే ఉన్నానోయ్, ఇటు చూడు" అని ఆటపట్టించేది. ఆయన నవ్వేవాడు. కానీ ఆయన భయం దాని గురించి కాదు. తనకు ఊరూ పేరూ తెలియని ఇంకో పాప గురించి.

ప్రెస్సుకు మళ్ళీ ఎప్పుడూ వెళ్ళలేదు. ఒకసారి నేనే అన్నాను. "మేస్త్రిని అడగొచ్చు కదా నాన్నా. ఎన్ని పాడయ్యాయో ఆయనకు తెలిసుండదా?"

"తెలిసే ఉంటుంది."

"మరి?"

"అదేనమ్మా భయం. అడిగితే చెప్పేస్తాడు."

నాన్న పోయిన తొమ్మిదో రోజున మేస్త్రి మా ఇంటికి వచ్చాడు. ఎనభై దాటాయి, కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. నాన్న ఏటవాలు బల్ల దగ్గర కుర్చీ వేస్తే కూర్చుని, మాటల మధ్య, "నా మీద ఎందుకో కోపమొచ్చిందమ్మా ఆయనకి. పాతికేళ్ళు ప్రెస్సు గడప తొక్కలేదు. నేనేం తప్పు చేశానో" అన్నాడు.

కోపం కాదని, దగ్గుమందు చీటీ గురించి మొత్తం చెప్పాను.

"ఆ చీటీ నాకు బాగా గుర్తు" అన్నాడు. "ప్రతి యాభై కాగితాలకీ ఆపి, సూదితో ఆ గీతలు తీసి, కిరసనాయిలుతో కడిగి వేశానమ్మా. గురువుగారి గీత పోకూడదని. ఆఖరి రోజు ఒంట్లో బాగోలేక కడగడం మరిచిపోయాను. ఆ ఒక్క కట్టే పాడైంది. పారేస్తే ఓనరు తిడతాడని మిషను కింద పెట్టా."

"ఆ కట్ట ఏమైంది?"

"పై ఊళ్ళ సరుకు వెళ్ళిపోయాక మన ఊరి సీసాలకి చీటీలు తక్కువయ్యాయని కంపెనీ మనిషి వచ్చి, నేను లేనప్పుడు అదే పట్టుకుపోయాడట."